మెట్ల మీదికి తెరుచుకునే తలుపు

"నిన్నటి నుంచి నోరు విప్పలేదు. మంచినీళ్ళు కావాలని కూడా అడగలేదు," అన్నాడు రూబెన్ గలార్సా. "ఏ తప్పూ చెయ్యనివాడైతే ఈపాటికి స్టేషన్ పైకప్పు లేపెయ్యడూ?"

ఇన్‌స్పెక్టర్ నెకానె ఒతమెండి అద్దంలోంచి గదిలోకి చూసింది. ఇషిద్రో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అరవై దాటిన వడ్రంగి. బల్ల మీద రెండు చేతులూ ఎవరో పెట్టి మరిచిపోయిన పనిముట్లలా పడివున్నాయి. ముందు పెట్టిన రొట్టె పెట్టినట్టే ఉంది.

"ఏడ్చాడా?"

"ఏడవడమా! ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు పోయాడట. ఒక్క చుక్క లేదు."

"మీరంతా వెళ్ళి తలుపేశాక ఏడ్చాడు. ఆ కళ్ళు చూడు ఎలా వాచాయో."

"పాఠాలు మానవా అక్కా నువ్వు?"

ఉద్యోగంలో చేరిన కొత్తలో రూబెన్ ఆమె కిందే పనిచేశాడు. అప్పట్లో ఆ 'అక్కా' అనడంలో భయమూ ఇష్టమూ కలిసి ఉండేవి. ఇప్పుడతను దొనోస్తియా నగరంలోని హెడ్డాఫీసు నుంచి వచ్చి కేసు చేతిలోకి తీసుకున్న అధికారి. ఆమె అదే ఊళ్ళో, అదే కుర్చీలో ఉంది. పిలుపు మారలేదు, రుచి మారింది.

అతను ఎడమచేత్తో ఫైలు అందించాడు. నెకానె చివరి పేజీ తిప్పి నవ్వింది.

"ఇదేం సంతకం రూబెన్? చీమ నిద్రపోయినట్టుంది. హెడ్డాఫీసులో సిరాకి రేషనా?"

"పని పెద్దదైతే సంతకం చిన్నదైనా చాలు." అతను నవ్వలేదు. "లోపల నువ్వే అడుగు, నువ్వే రాసుకో. నీ అక్షరం బాగుంటుంది. రేపు పొద్దున్న జడ్జి ముందు పెట్టాలి వీణ్ణి. ఈలోగా ఒప్పుకుంటే వీడికే మంచిది."

ఫైల్లో ఉన్నది ఇంతే. శనివారం రాత్రి ఇంచౌర్పే సంఘంలో ఊరి ముస్ పేకాట పోటీ, ఆఖరి ఆట. ఇంచౌర్పే అంటే మగవాళ్ళంతా చేరి తామే వండుకుని తిని, పేకాడుకునే చోటు. మార్చెల్ అస్తిస్, ఇషిద్రో ఒక జోడీ. ఎన్నో ఏళ్ళు గెలిచిన జోడీ, చేతిలో మంచి ముక్కలుండీ ఓడిపోయింది. పదింటికి వంటగదిలో ఇద్దరూ గొడవపడటం ముగ్గురు విన్నారు. "ఇక ఈ నాటకం నా వల్ల కాదు. రేపు నేనే చెప్పేస్తాను" అన్న గొంతు ఇషిద్రోది. పావుగంట తర్వాత ఏదో దొర్లిన చప్పుడు. పరుగెత్తుకొచ్చిన వాళ్ళకి నేలమాళిగ తలుపు తెరిచి కనిపించింది. మెట్ల పైన ఇషిద్రో, ఒక చెయ్యి ముందుకి చాచి. మెట్ల కింద మార్చెల్, వెల్లకిలా, తల వెనక పగిలి.

రూబెన్ లెక్క కూడా అంతే చిన్నది. ఆట అమ్ముకున్నారు, వాటా దగ్గర తేడా వచ్చింది, ఛాతీ మీద ఒక్క తోపు.

నెకానె గదిలోకి వెళ్ళేటప్పుడు ఇంటి నుంచి తెచ్చిన సూప్ వేడిచేసి తీసుకెళ్ళింది.

"తాగు ఇషిద్రో అన్నా. స్టేషన్‌ది కాదు, నేను చేసిందే."

అతను తల అడ్డంగా ఊపాడు.

"మా అమ్మ మంచాన పడ్డప్పుడు మంచానికి కటకటాలు చేసిపెట్టావు గుర్తుందా? పడిపోకుండా. మూలలు అరిచేత్తో తడిమి చూశావు, ముసలావిడ చర్మం గీసుకుంటుందని. అలాంటి చెయ్యి మనిషిని తోసిందంటే నేను నమ్మాలా?"

ఇషిద్రో తన అరిచేతుల వంక చూసుకున్నాడు.

"మార్చెల్‌కి మాటిచ్చావు. ఎవరితోనూ అననని. అంతేనా?"

అతను ముందున్న రొట్టెని పక్కకి జరిపాడు.

"సరే. మాట నిలబెట్టుకో. నాకు మాటలొద్దు."

నెకానె రాస్తున్న కాగితాలు పక్కకి తోసి, కుర్చీ లాక్కుని సరిగ్గా అతని ఎదురుగా కూర్చుంది. ముస్ ఆడేటప్పుడు జోడీ కూర్చునే చోటు అది. ముస్‌లో జోడీలు ముఖంతో మాట్లాడుకుంటారు. రెండు రాజులుంటే కింది పెదవి కొరుకుతారు. మంచి లెక్క పడితే కన్ను గీటుతారు. చేతిలో ఏమీ లేకపోతే కళ్ళు మూసుకుంటారు. అవతలివాడు చూడకుండా చెయ్యడమే నేర్పు. పందెంలో ఎన్ని కోతలైనా కొయ్యొచ్చు గానీ, సైగ మాత్రం నిజమే చెప్పాలి. లేనిది ఉన్నట్టు సైగ చేసినవాణ్ణి ఈ లోయలో ఎవరూ మళ్ళీ బల్ల దగ్గరికి రానివ్వరు. నెకానెకి ఇదంతా వాళ్ళమ్మ వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ నేర్పింది. సంఘాల్లోకి ఆడవాళ్ళని రానివ్వకపోతే వంటిళ్ళు లేవా?

"నువ్వు తోశావా?"

ఇషిద్రో ఆమెను చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు.

"ఆట అమ్ముకున్నారా?"

మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"మార్చెల్ దగ్గరేమైనా ఉందా? ఎవరికీ చూపించకుండా దాచుకున్నది?"

ఈసారి అతని కింది పెదవి పళ్ళ మధ్య నలిగింది. ఆ కొరుకుడు ఆట సైగకంటే ఎక్కువసేపు ఉండిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"ఇక అడక్కమ్మా," అన్నాడు గోడ వైపు తిరిగిపోతూ. "ఆ పిల్ల ఏం పాపం చేసింది?"

రెండ్రోజుల్లో అతను అన్న మొదటి మాట అదే. నెకానెతో చివరిది కూడా. మార్చెల్‌కి ఉన్నది ఒక్కతే కూతురు, ఒయానా.

బయటికి రాగానే రూబెన్ అడ్డొచ్చాడు. "చూశావా? సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు."

"నువ్వూ ముస్ ఆడినవాడివే. అది సిగ్గు కాదని నీకు తెలుసు."

"అయితే జడ్జిగారికేం చెబుతావు? కళ్ళు మూసుకున్నాడు కాబట్టి నిర్దోషి అనా? పేకముక్కల కట్ట కూడా తీసుకెళ్ళు, ఆయన సరదా పడతాడు."

నెకానె కోటు తీసుకుని బయల్దేరింది.

*

ఇంచౌర్పే అధ్యక్షుడు బలెంతిన్ తాళం తీస్తూనే సణుగుడు మొదలుపెట్టాడు.

"ఆడవాళ్ళు లోపలికి రావడానికి ఏడాదికి రెండే రోజులు నెకానె. ఇవాళ ఆ రెండిట్లో లేదు."

"శవం పడటానికి ఏ రోజు పెట్టారు మరి?"

అతను పక్కకి జరిగాడు. పాపం, పెద్దమనిషి కళ్ళ కింద కూడా నిద్ర లేదు.

నెకానె నేలమాళిగ వైపు వెళ్ళలేదు, ముందు వంటగదిలోకి వెళ్ళింది. హెడ్డాఫీసు వాళ్ళు మెట్లన్నీ కొలిచారు, వంటగదిని ఎవరూ పట్టించుకోలేదు. గరిటెలు, పెనాలు వరసగా ఉన్నాయి. కత్తుల్లో ఒకదాని పిడికి మందంగా గుడ్డపట్టీ చుట్టి ఉంది. గిన్నెల వెనక, చేత్తో చెక్కిన కొయ్య గిన్నె ఒకటి. దాని అంచు లోపలికి వంగి ఉంది, చెంచా తగిలినా ఒలకకుండా.

"ఇదెవరిది?"

"మార్చెల్‌ది. ఇషిద్రో చేసిచ్చాడు. మార్చెల్‌కి వేళ్ళ నొప్పులుండేవి."

"డాక్టరు దగ్గరికి వెళ్ళాడా?"

"వాడా! ఆరోగ్య కేంద్రంలో సూది వేసేది వాడి కూతురే కదా. అక్కడికెళితే అది అరుస్తుందనేవాడు."

"ఆపిల్ సైడర్ ఎవరు పోస్తున్నారిప్పుడు?"

"నేనే. పూర్వం మార్చెల్ పోసేవాడు. సీసా తల మీదికెత్తి, గ్లాసు వంక చూడకుండా. ఒక్క చుక్క కింద పడేది కాదనుకో." బలెంతిన్ ముఖంలో క్షణం వెలుగొచ్చి పోయింది. "రెండేళ్ళుగా మానేశాడు. భుజం నొప్పన్నాడు."

"ముక్కలు పంచడం?"

"అదీ మానేశాడు. ఇషిద్రో పంచేవాడు. ఆ రోజు చూడాలి నువ్వు! ఇషిద్రో ఇటునుంచి సైగ మీద సైగ చేస్తున్నాడు. వాడి నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు. ముఖం కొయ్యబొమ్మలా పెట్టుకు కూర్చున్నాడు. ఆ ముఖం ఒకప్పుడు ఎలా ఉండేదని? కనుబొమ కదిపితే బల్లంతా నవ్వేది. అందుకే జనం ఆట అమ్ముకున్నారన్నారు. నేనూ అన్నాను. పాపిష్టి నోరు."

నెకానె కొయ్య గిన్నెను చేతుల్లో తిప్పుతూ నిలబడిపోయింది. అలాంటి కదలని ముఖాల్ని ఆమె చూసింది. ఈ లోయలో చూడనివాళ్ళెవరు? చర్చిలో ముందు వరసలో ఒకరు, బస్సుస్టాపులో ఒకరు. బయటివాళ్ళు దాన్ని పార్కిన్సన్స్ అంటారు. కొన్ని ఇళ్ళల్లో అది పొలంతో పాటు తరం నుంచి తరానికి దిగుతూ వచ్చింది. దానికి కారణమైన జన్యువును కనిపెట్టినప్పుడు, అది తయారుచేసే ప్రొటీనుకు డాక్టర్లు ఇక్కడి భాషలో వణుకు అనే మాటనే పేరుగా పెట్టారు. అది విని ఊళ్ళో ఎవరూ గర్వపడలేదు.

"తలుపు చూపించు," అంది.

నేలమాళిగ తలుపు ఓక్ చెక్కది, బరువైనది. మెట్ల వైపుకి తెరుచుకుంటుంది. అంటే సీసా కోసం కిందికి దిగేవాడు నెడితే చాలు. పైకొచ్చేవాడు మాత్రం ఆఖరి మెట్టు మీద నిలబడి, తలుపును తన మీదికి లాక్కోవాలి.

"వదిలేస్తే దానంతటదే మూసుకుంటుందా?"

"మూసుకుంటుంది. వానాకాలం ఉబ్బి బిగుసుకుపోతుంది కూడా."

నెకానె లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది. ఒక చేత్తో తలుపుకున్న ఇనప కడియం పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. రాలేదు. ఒంటి బరువంతా వేసి గుంజేసరికి ఒక్కసారిగా ఊడొచ్చింది. కాలు గబుక్కున వెనక్కి వేసి, గోడకున్న తాడు పట్టుకుని నిలదొక్కుకుంది. ఆమె కాలు సమయానికి వెనక్కి పడింది. పడని మనిషి సంగతి?

మెట్ల వైపే, తలుపు పక్కన గోడ గూట్లో ఒక సైడర్ సీసా నిలబెట్టి ఉంది. నిండుగా, మూత తియ్యకుండా. మెడ దగ్గర దుమ్ము మీద వేళ్ళ గుర్తులు.

"ఇది ఇక్కడెవరు పెట్టారు?"

"తెలీదు. ఇక్కడ సీసాలు పెట్టం."

మార్చెల్ సీసాతో పైకొస్తున్నప్పుడు ఎవరైనా తోసివుంటే ఆ సీసా మెట్ల కింద ముక్కలై ఉండేది. దాన్ని గూట్లో జాగ్రత్తగా పెట్టినవాడు మూసివున్న తలుపు ముందు ఆగాడు. రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. అప్పుడు తలుపుకి అవతల మనిషి ఉన్నా ఛాతీ మీద చెయ్యి వేసి తోసే వీల్లేదు.

ఆమె కడియం మీదికి వంగింది. అంతా తుప్పు, ఒక్క చోట మాత్రం బెత్తెడు మేర నున్నగా మెరుస్తోంది.

"ఇక్కడేదో కట్టి ఉండేది బలెంతిన్."

"ఆ, వంటగుడ్డ. ఎవడో పొడుగ్గా ఉచ్చులా కట్టాడు. నెలల తరబడి వేలాడుతూనే ఉంది దరిద్రంగా. పోటీకి బయటి ఊళ్ళవాళ్ళొస్తున్నారని శనివారం సాయంత్రం నేనే విప్పి పారేశాను." అతను ఆగాడు. "ఏం?"

ఉచ్చులో మోచెయ్యి దూర్చి, రెండో చేత్తో తాడు పట్టుకుని లాగితే ఎంత తూలే మనిషైనా పడడు. ఇషిద్రో కట్టి ఉంటాడు. విప్పిన సంగతి అతనికి తెలియదు.

"ఏం లేదు," అంది నెకానె. ఈ ముసలాయన నెత్తిన అది ఇవాళే పెట్టాలా? ఎలాగూ రేపు తెలుస్తుంది.

*

స్టేషన్‌కి తిరిగి వస్తూ శవపరీక్ష చేసిన డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"సరిపోతుంది నెకానె," అందావిడ. "ఆ జబ్బున్నవాళ్ళు వెనక్కి తూలితే అడుగేసి ఆపుకోలేరు. మొద్దు పడ్డట్టు పడతారు. మెదడు పరీక్షిస్తే తెలిసిపోతుంది. చేస్తానని నిన్ననే రాశాను, గలార్సా వద్దన్నాడు. తల గాయం చాలట."

"జన్యువు సంగతి?"

"అది రక్తంలో చూడొచ్చు. కానీ ఆలోచించుకో. అతనికుంటే కూతురికి సగానికి సగం అవకాశం. ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చి తీరాలని లేదు. తొంభై ఏళ్ళకీ చెయ్యి వణకనివాళ్ళున్నారు. కానీ చాలామందికి వస్తుంది. అదేదీ తెలుసుకోకుండా బతికే హక్కు ఆ అమ్మాయికుంది."

ఆ పిల్ల ఏం పాపం చేసింది అని ఇషిద్రో ఎందుకన్నాడో నెకానెకి అప్పుడర్థమైంది. అతన్ని విడిపించే నిజం ఒక్కటే ఉంది. ఆ నిజం చెబితే ఒయానా తన రక్తం వంక తిరిగి చూసుకుంటుంది. అలా జరక్కూడదనే అతను జైలుకి సిద్ధపడ్డాడు.

రూబెన్ ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె అంతా చెప్పింది. సీసా, తలుపు, గుడ్డ, గిన్నె. వింటున్నంతసేపూ అతను కిటికీ వైపే చూశాడు.

"గిన్నె చూసి రోగం చెబుతున్నావు. డాక్టరువయ్యావా?"

"నేను కాదు. మెదడు పరీక్షకి సంతకం పెట్టు, డాక్టరే చెబుతుంది."

"పెట్టను."

"ఎందుకని?"

"ఒక మనిషి రక్తం గురించి రాస్తే ఆ ఇంట్లో అందరి రక్తం గురించీ రాసినట్టే!" అతని గొంతు ఉన్నట్టుండి లేచింది. వరండాలో కానిస్టేబుల్ తల తిప్పి చూశాడు. "నీకా హక్కెవరిచ్చారు? పెళ్ళి కావాల్సినవాళ్ళుంటారు, పిల్లలున్నవాళ్ళుంటారు. రేపు పేపర్లో వస్తుంది. ఊళ్ళో ప్రతివాడూ వాళ్ళ చేతుల వంకే చూస్తాడు."

ఆ మాట నెకానెకి గుచ్చుకుంది. పొద్దుట్నుంచీ ఆమె తనతో తాను అంటున్నదీ అదే.

"మరి ఇషిద్రో?"

"ఇషిద్రోకి పిల్లల్లేరు."

ఆ మాట అన్నందుకు రూబెన్‌కే ఆశ్చర్యం వేసినట్టుంది. లేచి, కుడిచెయ్యి కోటు జేబులో దోపుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నెకానె సాక్ష్యాల గదిలోకి వెళ్ళి మార్చెల్ చొక్కా అడిగింది. శనివారం వేసుకున్నది, మెడ వెనక నెత్తురు గడ్డకట్టి ఉంది. బల్ల మీద పరిచి బొత్తాం తియ్యబోయింది. బొత్తాం రాలేదు. అది పై గుడ్డకే కుట్టేసి ఉంది, అలంకారానికి. కాజా మూసేసి ఉంది. లాగితే లోపల చిటుక్కున ఊడింది. నొక్కితే పట్టుకునే చిటికె బొత్తాలు, పైనుంచి కింది దాకా. వేళ్ళు ఆడనివాడు కూడా అరిచేత్తో నొక్కి వేసుకోగలడు. బయటికి మాత్రం మామూలు చొక్కా.

సన్నని కుట్టు, చుక్కలు పేర్చినట్టుంది. ఇది వడ్రంగి చెయ్యి కాదు. మార్చెల్ భార్య పోయి తొమ్మిదేళ్ళయింది.

మరి ఎవరు కుట్టారు?

*

ఒయానా వంటింటి తలుపు తెరిచే ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. బల్ల మీద దీపం దగ్గరికి లాక్కుని ఆమె ఏదో కుడుతోంది. నెకానె దగ్గరికెళ్ళి చూసింది. కుట్టడం కాదు, విప్పుతోంది. మార్చెల్ తెల్ల చొక్కా, పండగలకి వేసుకునేది. చిటికె బొత్తాలు ఒక్కొక్కటే ఊడదీసి పళ్ళెంలో వేస్తోంది.

"కూర్చో పిన్నీ," అంది తలెత్తకుండా. "రేపు స్నానం చేయించి బట్టలు తొడిగేవాళ్ళు చూస్తారు కదా. ఆయనకిష్టం ఉండదు."

నెకానె కూర్చుంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలేవీ అక్కర్లేకపోయాయి.

"నీకు తెలుసన్నమాట."

"ఇంజెక్షన్ల గదిలో పదేళ్ళుగా పనిచేస్తున్నాను. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోతే నాకు తెలీదా? వేళ్ళ నొప్పులన్నాడు, సరేనన్నాను. చొక్కాలన్నీ ఇస్త్రీకని తీసుకెళ్ళి ఇలా కుట్టి బీరువాలో పెట్టాను. మర్నాడు వేసుకున్నాడు. ఆయన ఏమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు. ఆదివారం భోజనానికొచ్చినప్పుడు, 'కాలర్ బాగా వచ్చిందే' అన్నాడు. అంతే."

"డాక్టరుకి చూపించమని..."

"చూపిస్తే పేరొస్తుంది. పేరొస్తే నేను పరీక్ష చేయించుకుంటానని ఆయన భయం." దారం పళ్ళతో కొరికింది. "నేను నాలుగేళ్ళ క్రితమే చేయించుకున్నాను. దొనోస్తియాలో. ఉంది."

ఎంతో మామూలుగా అంది. పళ్ళెంలో ఇంకో బొత్తాం పడింది.

"ఆయనకి చెప్పలేదు. చెబితే, తనే ఇచ్చానని కుమిలిపోతాడు. మొన్న ఇషిద్రో మావయ్య బతిమాలి ఉంటాడు, ఇక దాచలేను, పిల్లకి చెప్పేస్తానని. ఆ గొడవే అందరూ విన్నది." ఆమె చేతిలో పని ఆపింది. "నాకు తెలియకూడదని మావయ్య అక్కడ నోరు మూసుకు కూర్చున్నాడా పిన్నీ? నాకు ఎప్పుడో తెలిసిన దానికోసమా?"

నెకానె ఆమె చెయ్యి పట్టుకుంది. పొయ్యి వెలిగించని వంటిల్లు చల్లగా ఉంది.

"ఇది ఎవరితోనైనా చెప్పి ఉండాల్సిందమ్మా. నిన్ననే."

ఒయానా తలెత్తి చూసింది. "చెప్పాను కదా. నిన్న పొద్దున్నే చెప్పాను. నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. నాన్న కాలు నిలవదు, ఎవరూ తోసి ఉండరు అని రెండుసార్లు చెప్పాను. ఒక్క ముక్క రాసుకోలేదు. కోటు జేబులోంచి చెయ్యే తియ్యలేదు."

"ఎవరు?"

"రూబెన్. ఇది కాగితం మీద పడితే నీ సంగతీ ఊరికి తెలుస్తుంది, మాట్లాడకు అన్నాడు. భయపడ్డాను పిన్నీ. మా ఆయనకి కూడా చెప్పలేదు నేను."

"నీ పరీక్ష సంగతి రూబెన్‌కెలా తెలుసు?"

ఒయానా చొక్కా మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

"మా నాన్న మేనత్త ఎన్రికేటా పెళ్ళయి దొనోస్తియా వెళ్ళిపోయింది కదా. ఆవిడ కూతురి కొడుకే రూబెన్. చిన్నప్పుడు ఎండాకాలం ఇక్కడికొచ్చేవాడు. గత ఏడాది మళ్ళీ చూపించుకోడానికి ఆ ఆసుపత్రికి వెళ్ళాను. వరండాలో ఎదుటి బెంచీ మీద ఉన్నాడు. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ఇద్దరం తల తిప్పుకున్నాం."

*

బయట సన్నగా తుంపర పడుతోంది. గేటు దగ్గర కారు లైట్లు వెలిగాయి. ఆ వెలుగుకి అడ్డంగా రూబెన్ నిలబడి ఉన్నాడు.

నెకానె ఆగింది. తుపాకీ స్టేషన్‌లోనే వదిలేసి వచ్చింది, మార్చెల్ కూతురు దగ్గరికి దానితో వెళ్ళడమెందుకని. రూబెన్ కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. జేబు గుడ్డ లోపల ఏదో కదులుతోంది.

"ఏం చెప్పింది?"

"అంతా."

"రాసుకున్నావా?"

"ఇంకా లేదు."

అతను ఒక అడుగు ముందుకేశాడు. వెనక ఇంట్లో ఒయానా ఒక్కతే ఉంది. నెకానె గేటు దాటి అతనికీ ఇంటికీ మధ్యకి వచ్చి నిలబడింది.

"రూబెన్. చెయ్యి బయటికి తియ్యి."

"అక్కా..."

"తియ్యి. నెమ్మదిగా."

తీశాడు. చేతిలో ఏమీ లేదు. కారు లైట్ల వెలుగులో బొటనవేలూ చూపుడువేలూ కలుసుకుని, లేని పొగాకుని నలుపుతున్నట్టు ఆగకుండా ఆడుతున్నాయి. అతను ఆ చెయ్యి వంక, అది తనది కానట్టు చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏడాది పైనే. నాకింకా నలభై నాలుగు. అంత తొందరగా రాదన్నారు, ఎక్కడో ఒకరికి తప్ప." నవ్వబోయాడు. అతని ముఖం నవ్వలేదు. ఆ ముఖాన్ని రెండ్రోజులుగా పొగరనుకుంది నెకానె. "మా పెద్దదానికి పదకొండు. చిన్నాడికి ఏడు. వాడు బంతి వదిలేసినప్పుడల్లా వాడి చేతులే చూస్తున్నాను."

"ఇషిద్రోకి పిల్లల్లేరన్నావు."

రూబెన్ తల దించుకున్నాడు. తుంపర అతని జుట్టు మీద, ఆగని ఆ వేళ్ళ మీద పడుతోంది.

"నువ్వు వెళ్ళిన వెంటనే ఇషిద్రో గదిలోకి వెళ్ళాను," అన్నాడు. "నువ్వు పెట్టిన సూప్ తాగమన్నాను. ఆయన నా ముఖం వంక చూశాడు, తర్వాత చెయ్యి వంక చూశాడు. గిన్నె నా వైపు జరిపాడు అక్కా. రెండు చేతులతో పట్టుకో, ఒలకదు అన్నాడు. నాతో ఆయన అన్నది అదొక్కటే."

నెకానె ఒక అడుగు అతని దగ్గరికి వేసింది.

"ఇవాళే ఇంటికి పంపించు ఆయన్ని. రిపోర్టు నువ్వే రాయి." అతను ఎడమచేత్తో కోటు లోపలి జేబులోంచి పెన్ను తీసి ఆమె వైపు చాచాడు. "నేను మొదలుపెడితే రెండో లైనుకల్లా అక్షరాలు చిన్నవైపోతున్నాయి."